సోనేపూర్ పడవల మూడు లెక్కలు

మా పెద్దగుమాస్తా గారు పోయారన్న కబురు నాకు చెప్పింది సోనేపూర్ మనిషి. బరంపురం కోర్టు ప్రహరీగోడ పక్కన బల్ల వేసుకుని, అర్జీలు రాసి పొట్టపోసుకుంటున్నాను. పోయిన మంగళవారం పొద్దున్నే ఒక ముసలమ్మ ఉప్పు గురించి అర్జీ రాయించుకోవడానికి వచ్చింది. నేను కలం సిరాలో ముంచగానే అంది:

"బావూ, సత్రపురం పెద్దగుమాస్తా గోరు ఎల్లిపోనారంట. నీకు తెలీదేటి?"

నా నోట ముందు వచ్చిన మాట అయ్యో కాదు. "ఎవరు చెప్పారు నీకు? నువ్వు చూశావా?" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఓలమ్మో, సావు కబురుక్కూడా సాచ్చికం కావాలేటి నీకు! మా మరిది సూసొచ్చినాడు. నిన్న సందేళ పోనారు. అర్జీ రేపు రాద్దువులే," అని లేచి వెళ్ళిపోయింది.

కలం మీద సిరా ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాను. ప్రతి మాటకీ సాక్ష్యం అడగడం నాకు అంటించిన మనిషే ఆయన. ఆఖరికి ఆయన చావుకి కూడా సాక్ష్యం అడిగాను. ఛీ, ఏం బుద్ధి నాది!

ఈ నాలుగు ముక్కలూ ఆయన మహానుభావుడని చాటడానికి రాయడం లేదు. చాటితే ఆయనే ఒప్పుకోరు, "ఎవుడు సెప్పాడోయ్ నీకు?" అంటారు. ఆయన పట్ల నేను చేసిన పని ఒకటుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే తిన్న అన్నం వంటబట్టేలా లేదు, అందుకని రాస్తున్నాను.

ఆయన ఛత్రపురంలో ఒక రెవిన్యూ కచేరీలో పెద్దగుమాస్తా. గంజాం మద్రాసు కింద ఉన్న రోజుల్లో చేరారు. కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక కూడా అదే కిటికీ పక్కన అదే కుర్చీలో కూర్చున్నారు. కుర్చీ కదల్లేదు గాని చుట్టూ అన్నీ కదిలాయి. మద్రాసు పోయే కాగితాలు కటకం పోవడం మొదలైంది. కటకంలో వాళ్ళకి తెలుగు గుమాస్తా అంటే కొంచెం అనుమానం, మనవాళ్ళకి కటకం అంటే కొంచెం అనుమానం. ఈయనకి మాత్రం పక్షపాతం లేదు, ఇద్దరి మీదా సమానంగా అనుమానమే.

ఆ అనుమానం మామూలు అనుమానం కాదు. బంట్రోతు వచ్చి వాన పడుతోందండీ అంటే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, చెయ్యి తడిశాకనే గొడుగు వెతుక్కునేవారు. మధ్యాహ్నం గంట కొడితే జేబు గడియారం తీసి చూసేవారు. గడియారం చూశాక గుమ్మం దగ్గరికి వెళ్ళి నీడ ఎక్కడ పడిందో చూసేవారు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు దాన్ని వెనక్కి తిప్పి ఖాళీవైపు కూడా చూసేవారు. అక్కడ ఏమీ లేదండీ అంటే, "లేదని నువ్వు సెప్తే ఎలాగోయ్, లేదని నాను సూడాల గదా," అనేవారు. ఇంగ్లీషు ఉత్తరం రాస్తే ఎక్కడా వంక పెట్టడానికి ఉండేది కాదు. తెలుగులో నోరు విప్పితే మాత్రం వాళ్ళ అమ్మమ్మ మాటే. పైఅధికారుల ముందు కూడా ఆ మాట మార్చుకోలేదు.

ఎవరు ఏ వార్త మోసుకొచ్చినా ఆయన మూడు ప్రశ్నలు వేసేవారు. "సూసావా? ఇన్నావా? ఎవుడికాడ ఇన్నావు?" మూడోదాని దగ్గర చాలామంది నోరు మూసుకునేవారు.

ఇక నా సంగతి. నాది బరంపురంలో గోసాని నువాగాం. అప్పటికి ముప్ఫై నిండాయి, ముగ్గురు పిల్లలు. యుద్ధం రోజుల్లో తాత్కాలికంగా పెట్టిన ఒక నిఘా కచేరీలో రాతపని దొరికింది. ఆ కచేరీ పేరు ఇప్పుడెందుకు, అది లేదు, అందులో వాళ్ళు తలో దారీ పోయారు. ఊళ్ళోవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో, కొత్తవాళ్ళు ఎవరు వచ్చారో పోగుచేసి పైకి రాయడం మా పని. అందులో నేను బాగా అరగదీసిన మాట ఒకటుంది, "విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసింది" అని. ఆ విశ్వసనీయ వర్గం ఒక్కోసారి మంగలి, ఒక్కోసారి మా మామగారు. ఏమీ దొరకనప్పుడు నేనే.

ఆ ఏడాది దక్షిణాన రేవుల మీద బాంబులు పడ్డాయి. బరంపురం సగం ఖాళీ అయింది. మిగిలిన సగం ఒకళ్ళనొకళ్ళు అనుమానించుకుంటూ కూర్చుంది. గాలిపటం ఎగరేస్తే విమానాలకి సైగ అన్నారు. కొత్త సాధువు కనిపిస్తే గడ్డం లాగి చూశారు, పాపం అది అసలు గడ్డమే. మా పక్కింటాయన సంచిలో పావురాన్ని తెచ్చుకుంటే, కూర కోసమో కబురు కోసమో తేల్చమని నాకే అప్పజెప్పారు. ఇప్పుడు నవ్వొస్తుంది గాని అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. రేపు పొద్దున్న సముద్రంలోంచి ఎవరొచ్చి దిగుతారో అని నా భార్య పిల్లలకి చెప్పులు తొడిగే పడుకోబెట్టేది.

సరిగ్గా అప్పుడే కటకం నుంచి శాసనసభ సభ్యులు కొందరు ఛత్రపురం వస్తున్నారని ఉత్తర్వు వచ్చింది. గంజాం తీరానికి ప్రమాదం ఎంత, దానికి ఏం చెయ్యాలి అన్నది వాళ్ళు కచేరీలని అడిగి తెలుసుకుంటారట. బాగానే ఉంది. చిక్కల్లా సోనేపూర్ దగ్గర వచ్చింది. బాహుదా నది సముద్రంలో కలిసేచోట ఉంది ఆ ఊరు. అంతా మన తెలుగు చేపలవాళ్ళే. ఆ ఊరి పడవల మీద మూడు కచేరీలు మూడు కాగితాలు తయారుచేశాయి.

రెవిన్యూ కచేరీ కాగితంలో నలభై ఒక్క పడవలు. మా నిఘా కచేరీ కాగితంలో ముప్ఫై ఎనిమిది. మా మనిషి ఊరిపెద్ద భార్యని అడిగి రాసుకొచ్చాడు, దాన్ని నేను సాపు చేశాను. తీరకాపలా దళం కాగితంలో నలభై మూడు. వాళ్ళ మనిషి కూడా ఊళ్ళో అడిగే రాసుకున్నాడు. మరి ఈ ఇద్దరిలో ఒక్కడూ నిలబడి ఎందుకు లెక్కపెట్టలేదయ్యా అంటారేమో. ఆ పడవలు ఒక్కసారి వెళ్ళవు, ఒక్కసారి రావు. కొన్ని ఇసుక మీద దిగుతాయి, కొన్ని నదిమొగలోకి పోతాయి. పొద్దుటి నుంచి ఆ ఎండలో నిలబడేకంటే అడగడం తేలిక.

పైనుంచి గట్టి మాట వచ్చింది. సభ్యుల ముందు ప్రభుత్వం మూడు గొంతులతో మాట్లాడితే పరువు పోతుంది, ముగ్గురూ కూర్చుని ఒకే కాగితం చేసుకురండి అని. కూర్చున్నాం. మా పైఅధికారి, ఆయన వెనక నేను. తీరకాపలా తరఫున ఒక హవల్దారు. రెవిన్యూ తరఫున పెద్దగుమాస్తా గారు. నా లెక్క తప్పు అని ఒప్పుకునేవాడు అక్కడ ఎవడూ లేడు. గంటన్నర వాదులాట అయ్యాక నాకు ఒక వాక్యం తట్టింది. దాని గురించి రాయాలంటే ఈ రోజుకీ చెవులు వేడెక్కుతాయి.

"ఇందులో తేడా ఏమీ లేదండీ," అన్నాను. "మూడు లెక్కలూ సరైనవే. మూడు పడవలు ఇక్కణ్ణుంచి రహస్యంగా శత్రువు దగ్గరికి పోతున్నాయి, అందుకే మాకు మూడు తగ్గాయి. రెండు పడవలు శత్రువు దగ్గర్నుంచి వచ్చి వీళ్ళలో కలుస్తున్నాయి, అందుకే వాళ్ళకి రెండు పెరిగాయి."

మా పైఅధికారి నా వీపు తట్టాడు. హవల్దారు ఊపిరి పీల్చుకున్నాడు. ఎవరి లెక్కా చెడలేదు, అందరి పరువూ నిలిచింది. మూడు ఇంట్లోంచి, రెండు బయట్నుంచి, మొత్తం ఐదు పడవల కుట్ర. మందు కూడా అక్కడే రాసేశాం. సోనేపూర్ పడవలన్నీ విప్పి, చెక్కలు లోపలి ఊళ్ళకి తరలించాలని.

"పడవలట్టుకెళిపోతే ఊరు ఏటి తింటాది?" అని అడిగారు పెద్దగుమాస్తా గారు.

"అది వేరే శాఖ చూసుకుంటుంది," అన్నాడు మా పైఅధికారి.

ఆయన కాగితం వెనక్కి తిప్పి ఖాళీవైపు చూశారు. మళ్ళీ ముందుకి తిప్పి బల్ల మీద పెట్టేశారు. సంతకం పెట్టలేదు. బయటికి వచ్చాక నడవాలో నా పక్కన ఆగి గొంతు తగ్గించి అన్నారు: "ముగ్గురు కూడబలుక్కుని అబద్ధమాడితే ఒకే అబద్ధం ఆడతారోయ్. ఇవి మూడూ మూడు దార్లు. అంటే ముగ్గురికీ ఆ ఊరోళ్ళు నిజమే సెప్పుంటారు. అదే నాకు అనుమానంగా ఉన్నాది. ఆదివారం ఎల్తన్నాను. రాసినోడివి నువ్వే గదా, నువ్వూ రా."

మా కచేరీకి చెప్పకుండా వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పమంటే చెప్పలేను. ఆయన రెవిన్యూ లెక్క నిలబెట్టుకోవడానికి అక్కడ ఏదో మాయ చేస్తాడని, దాన్ని కళ్ళారా పట్టుకుందామని కొంత. నా వాక్యం నిజమేనని చూసుకుందామని కొంత. బస్సులో కొంత దూరం, ఒంటెద్దు బండిలో కొంత దూరం, ఆపైన ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ చేరాం. ఆయన మూసిన కోటుతోనే నడిచారు. గొడుగు నేను పట్టాను.

పొద్దెక్కింది. పడవలు ఇంకా సముద్రం మీదే ఉన్నాయి. ఊరిపెద్ద భార్య ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తోంది. ఆయన పలకరించి అడిగారు: "అమ్మా, సంద్రం మీద ఎన్ని పడవలున్నాయి?"

"ముప్పయ్యెనిమిది బావూ," అంది తల ఎత్తకుండా.

నేను ఆయన వైపు చూశాను, చూశారా అన్నట్టు. ఆయన పదడుగులు వేసి, చేపలు ఎండబెడుతున్న ఇంకొకావిణ్ణి అడిగారు. ముప్పైతొమ్మిది అంది. నీళ్ళ కుండతో వస్తున్న ఆవిడ నలభై అంది. ఊరి చివరి గుడిసె ముందు కూర్చున్న ఒకావిడ, ముసలిదేం కాదు, ఎండకి ఎండిపోయిన మనిషి, నలభైమూడు అంది. నాకు ఒళ్ళు మండింది. ఊరు ఊరంతా కుట్రలో ఉంది, మనం ఇక్కణ్ణుంచి ప్రాణాలతో వెళ్తే చాలు అనుకున్నాను. ఆయన మొహం మాత్రం పండగకి కొత్తబట్ట ఇచ్చినట్టు వెలిగిపోయింది.

వెనక్కి తిరిగి మొదటావిడ దగ్గరికి వచ్చి ఇసుకలో చతికిలబడ్డారు. "అమ్మా, మీ ఇంట్లో పడవలెన్ని?"

"మూడు. మా ఆయనది, మా కొడుకులిద్దరివీ."

"నువ్వు సెప్పిన ముప్పయ్యెనిమిదిలో ఆ మూడూ ఉన్నాయేటి?"

ఆవిడ వల పక్కన పడేసింది. ఆయన నోటి మీద చెయ్యి పెట్టబోయి, పెద్దమనిషని ఆగింది. "అలగనకండి బావూ! ఇంటి మనుసులు సంద్రం మీదుండగా ఇంటి పడవ లెక్కెడతారేటి ఎవులైనా? గంగమ్మ ఇంటాది. ఇన్ని నీవి నా మీదున్నాయా అనుకుంటాది. ఊరోళ్ళయి సెప్తాం గాని మా ఇంటియి సెప్పం. ఒడ్డుకొచ్చినాక సెప్తాం, ఎన్నిసార్లయినా సెప్తాం."

ఆయన నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. రెండో ఆవిడ ఇంట్లో రెండు పడవలు. మూడో ఆవిడ ఇంట్లో ఒకటి. నేను వేళ్ళు మడిచి చూసుకున్నాను. నలభై ఒకటిలో మూడు పోతే మా కచేరీ లెక్క వచ్చింది. మా మనిషి అడిగింది ఊరిపెద్ద భార్యనే కదా.

ఇక నలభైమూడు మిగిలింది. చివరి గుడిసె దగ్గరికి వెళ్ళాం. తీరకాపలా మనిషి అడిగింది తననే అని ఆవిడే చెప్పింది.

"మరి నీకు పడవుందా అమ్మా?"

"రెండు. మా ఆయనదొకటి, మా మరిదిదొకటి." గడ్డం సముద్రం వైపు చూపించింది.

"ఎప్పుడెల్లారు?"

"ఆ పెద్ద గాలివాన ముందు."

గాలివాన వచ్చి అప్పటికి రెండేళ్ళు దాటింది. నేను ఏదో అనబోతే పెద్దగుమాస్తా గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ తనంతట తనే చెప్పింది: "ఒడ్డుకి రాలేదు గదా బావూ. రానోళ్ళు సంద్రం మీద ఉన్నట్టే గదా. ఊరోళ్ళు ఆళ్ళింటియి దాసుకుంటారు. నానింకేటి దాసుకోను, గంగమ్మకి తెలిసిందే."

ఆయన రాసుకుంటున్న పెన్సిలు జేబులో పెట్టేసుకున్నారు. వచ్చేటప్పుడు బండిలో ఒక్క మాటే అన్నారు, "నువ్వు శత్రువుకాడ్నించి రప్పించిన పడవలు ఆ రెండేనోయ్," అని. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు ఇంకొంచెం సుఖంగా ఉండేది.

మరి రెవిన్యూ లెక్క ఎలా సరిపోయిందంటే, దానికేమీ గొప్ప తెలివి లేదు. కరణం అమావాస్య నాడు వెళ్ళాడు. అమావాస్యకి ఆ ఊరివాళ్ళు వేటకి వెళ్ళరు, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, లెక్కపెట్టుకోవడమే. కరణానికి ఆ రోజు తీరిక, అంతే.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

ఆ ఆదివారం తిరిగొచ్చి ఆయనతో కలిసి బస్సు దిగేటప్పుడు మా కచేరీ మనిషి ఒకడు బీడీ వెలిగించుకుంటూ కనిపించాడు. నన్ను చూశాడో లేదో తెలియదు. మా కచేరీలో ఒకడి మీద ఇంకొకడు రాయడం మామూలే. వాడు రేపు పొద్దున్నే నా మీద రాస్తాడని భయం పట్టుకుంది. చెప్పకుండా వెళ్ళాను, మా లెక్క తప్పని తేల్చడానికి వెళ్ళాను, సోనేపూర్ వాళ్ళతో కూర్చుని మాట్లాడాను. కొలువు పోతుంది, పిల్లలు వీధిన పడతారు. వాడికంటే ముందు నేనే రాయాలనుకున్నాను. సోమవారం వెళ్ళగానే కాగితం తీసుకుని, అక్షరాలు కొంచెం మార్చి, పేరు లేకుండా రాశాను. ఫలానా పెద్దగుమాస్తా ఆదివారం రహస్యంగా సోనేపూర్ వెళ్ళి పడవలవాళ్ళ ఆడవాళ్ళతో ఇసుకలో కూర్చుని మంతనాలు జరిపినట్టు విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసింది. వెళ్ళింది ఒక్కడే అని కూడా రాశాను.

బీడీ మనిషి ఏమీ రాయలేదని తరవాత తెలిసింది. వాడు నన్ను చూడనే లేదు.

సభ్యులు వచ్చిన రోజు ఛత్రపురంలో పెద్ద హాలు. మా పైఅధికారి ఉమ్మడి కాగితం చదివాడు. నా వాక్యం చదువుతుంటే ఒకరిద్దరు సభ్యులు కుర్చీలో ముందుకి జరిగారు. చెక్కలు తరలించే మాట వచ్చేసరికి చాలామంది తలలూపారు. దీని మీద రెవిన్యూ సంతకం ఎందుకు లేదని ఒకరు అడిగారు. అప్పుడు పెద్దగుమాస్తా గారు లేచి, ఒడియాలో, చూసింది చూసినట్టు చెప్పారు. ఆడవాళ్ళు ఇంటి పడవ ఎందుకు చెప్పరో చెప్పారు, రాని పడవల సంగతీ చెప్పారు. వెనక వరసలో ఎవరో నవ్వారు.

మా పైఅధికారి నా కాగితం తీశాడు. "ఈయన ఎవరికీ చెప్పకుండా ఆ ఊరు వెళ్ళి వాళ్ళతో మంతనాలు జరిపాడు. ఈయన మాట ఎలా నమ్మడం?" అన్నాడు.

సభ్యులలో ఒక పెద్దాయన ఉన్నారు, కొంచెం చెవుడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగారు: "ఆ రోజు నీతో ఇంకెవరైనా వచ్చారా? నువ్వు చెప్పినదానికి సాక్షి ఉన్నాడా?"

నేను మా పైఅధికారి వెనక మూడో కుర్చీలో ఉన్నాను. లేచి నిలబడితే ఊరు నిలుస్తుంది, నేను పోతాను. లేవలేదు. పెద్దగుమాస్తా గారి చూపు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వచ్చింది, నా మీదుగా దాటిపోయింది.

"ఎవరూ లేరండి. ఒంటరిగానే వెళ్ళాను," అన్నారు.

హమ్మయ్య అనుకున్నాను. మరు నిమిషంలోనే, నా బుద్ధి చూడండి, కడుపుమంట మొదలైంది. ఓహో, కనిపెట్టిన ఘనతంతా ఈయనదే కావాలన్నమాట! గొడుగు పట్టింది నేను, ఇసుకలో అంత దూరం నడిచింది నేను, వేళ్ళు మడిచి లెక్క చూసింది నేను. నా ఊసే లేదు. ఈ మాట మీద ఆయన్ని ఎన్నేళ్ళు ఆడిపోసుకున్నానో నా భార్యనడిగితే చెబుతుంది.

సాక్షి లేడనేసరికి హాల్లో గుసగుసలు బయల్దేరాయి. ఆయన ఇంకా నిలబడే ఉన్నారు. "ఎల్లుండి అమావాస్య," అన్నారు. "ఒక్క పడవ కూడా వేటకి పోదు. నా మాట నమ్మొద్దు, మా కచేరీ కాగితం నమ్మొద్దు, ఆ రెండు కాగితాలూ నమ్మొద్దు. మీరే వెళ్ళి లెక్కపెట్టుకోండి."

చెవిటి పెద్దాయన ఒక్కరూ వెళ్ళారు. జోళ్ళు విప్పి చేత్తో పట్టుకుని, ఇసుకలో ప్రతి పడవకీ చేతికర్ర తాకిస్తూ లెక్కపెట్టారట. ఆ రోజు ఆడవాళ్ళు కూడా ఆయన వెంట నడుస్తూ, ఇంటివీ ఊరివీ అన్నీ గట్టిగా అరిచి లెక్కపెట్టారట. నలభై ఒకటి. ఉమ్మడి కాగితం వెనక్కి పోయింది, సోనేపూర్ పడవలు సోనేపూర్‌లోనే ఉన్నాయి. ప్రమాదం లేదని ముందు కనిపెట్టింది మా కచేరీయేనని మా పైఅధికారి ఆ వారంలోనే ఇంకో కాగితం రాయించాడు. రాసింది నేనే.

పెద్దగుమాస్తా గారికి మాత్రం అనుమతి లేకుండా వెళ్ళినందుకు కొండల్లోకి బదిలీ అయింది. అక్కడ చలిజ్వరం పట్టుకుంది. బయల్దేరే రోజు స్టేషనుకి నేను వెళ్ళలేదు. పనుందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఉద్యోగం అయ్యాక ఆయన ఛత్రపురం తిరిగొచ్చారు. మనిషి సగమయ్యారు. రెండుమూడు సార్లు బరంపురంలో ఎదురుపడ్డాం. ఎప్పుడు కనిపించినా ఒకటే ప్రశ్న: "పిల్లలు బాగున్నారా? ముగ్గురూ?" నాకు లోపల కలుక్కుమనేది. ముగ్గురూ అని ఎందుకు నొక్కుతున్నాడు? కాగితం సంగతి తెలిసి దెప్పుతున్నాడా? తెలిస్తే మొహం మీద అనొచ్చుగా? ఇంటికొచ్చి ఆ ఒక్క మాటనే పొద్దుపోయేదాకా తిరగేసేవాణ్ణి. తెలిసిందో లేదో తేల్చుకోలేక, ఆయన ఇంటికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

మొన్న గురువారం వెళ్ళాను. ఆయన భార్య, అమ్మగారు, వీధరుగు మీద గోడకి ఆనుకుని ఉన్నారు. పక్కింటావిడ తోడుగా కూర్చుంది. నేనెవరో చెప్పుకోగానే, "రా నాయనా, పిల్లలు బాగున్నారా?" అన్నారు. నాకు ఇక ఆగలేదు. నిలబడే చెప్పేశాను, ఆ కాగితం నేనే రాశానని, వెళ్ళింది ఒక్కడే అని రాశానని, సభలో నోరు విప్పలేదని.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "అది ఆయనకి ముందే తెలుసు నాయనా," అన్నారు.

"ముందే అంటే?"

"సభకి ముందు రోజే. మీ పైఅధికారి పిలిపించి ఆ కాయితం సూపించాడంట, బయపడి నోరు మూసుకుంటారని. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటా సెప్పారు. ఇసకలో కూర్సున్నామన్న ముక్క నాతో వొచ్చినోడికి తప్ప ఎవుడికి తెలుస్తాదే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రేపు అందరి ముందరా సెప్పీండి, ఆడూ మీతో వొచ్చాడని, మీకు సాచ్చికం దొరుకుతాది గదా అన్నాను."

"ఏమన్నారు?"

"సెప్తే ఆడు అబద్ధం రాసాడని తేలిపోతాది, కొలువు పోతాది, ముగ్గురు పిల్లలే ఆడికి అన్నారు. పడవలు లెక్కెడితే తెలిసే దానికి ఆడి సాచ్చికం ఎందుకే, నాను ఇంకోలాగ ఒప్పిస్తాను అన్నారు. నన్ను బదిలీ సేస్తే సెయ్యనీ అన్నారు." కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఆ కొండజొరం మరి వొదల్లేదు. మొన్న కూడా అదే తిరగబెట్టింది."

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ అరుగు కింద మెట్టు మీద కూలబడి, ఇంత వయసొచ్చి, పక్కింటావిడ చూస్తోందని కూడా లేకుండా ఏడ్చాను. ప్రపంచంలో ప్రతి మాటనీ తిప్పి చూసిన మనిషి, నేను దొంగనని తెలిసి కూడా నన్ను కాపాడాడు. ఆయన్ని నేను ఘనత కొట్టేశాడని ఇన్నేళ్ళు తిట్టుకున్నాను.

అంతలో వీధిలోంచి ఇద్దరు మనుషులు వచ్చారు. సోనేపూర్ వాళ్ళు, బట్టలింకా తడి ఆరలేదు. ఒకడి నెత్తి మీద చేపల బుట్ట. పక్కింటావిడ లేచింది. "ఏటిరా ఇది? మైలింటికి సేపలు తెస్తారేటి? మతుండే తెచ్చారేటి?"

వాడు బుట్ట దించి చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. "తెలుసమ్మా. ఆయన కొండల్నించి తిరిగొచ్చిన కాణ్ణుంచీ తెస్తానే ఉన్నాం. గుమ్మంలోంచే తిప్పి పంపించీవోరు. ఒక్క సేప ముట్టలేదు, ఒక్క సేప. ఇయాల వొద్దనడానికి ఆయన లేరు గదమ్మా."

అని బుట్టని మెట్టు మీద, నా పక్కనే పెట్టాడు. అమ్మగారు చూశారు. తీసుకెళ్ళమనలేదు. ఆ ఇద్దరూ వీధిలోకి వెళ్ళి, ఎదురుగోడ నీడలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. పక్కింటావిడ మళ్ళీ కూర్చుంది. బుట్ట అడుగునుంచి నీళ్ళు చుక్కచుక్కగా మెట్టు మీదికి, మెట్టు మీంచి వాకిట్లో మట్టిలోకి కారుతున్నాయి.